ఆరు నాజిళ్ళు

మా నాయన కుడిచేతికి మూడు వేళ్ళు పోయిన యేడు మా ఇంట్లో దూది ఏకడం ఆగిపోయింది. అది యాభై ఆరో సంవత్సరం, ఎండాకాలం.

మేము దూదేకులవాళ్ళం. మా అమ్మ నన్నీ బీ పుట్టింటి నుంచి సామాన్లతో పాటు దూది ఏకే విల్లు కూడా తెచ్చుకుంది. పరుపులు, దిండ్లు కుట్టేది. నాయన హుసేన్ వలి మాత్రం ఆ పనికి పోలేదు. పిల్లప్పుడే గుంతకల్లు రైలు షెడ్డులో కూలికి చేరి, అక్కడ స్పానరు పట్టడం నేర్చుకుని, డోన్‌లో కర్నూలు రోడ్డు పక్కన మా ఇంటి ముందే రేకుల కొట్టం వేసుకుని మేస్త్రి అయ్యాడు. డీజిల్ లారీలు మా వైపు కొత్తగా దిగుతున్న రోజులవి. వాటి నాజిళ్ళు మూసుకుపోతే విప్పి బాగుచేసే మనిషి ఆ దారి మీద ఆయన ఒక్కడే.

నాజిల్ అంటే బొటనవేలంత ఇనుప ముక్క. డీజిల్‌ను మంచులాగా చిమ్మి ఇంజను లోపల మంట పుట్టించేది అదే. దాని లోపల ఒక సూది, ఆ సూది కదలడానికి ఒక ఒర. కొసన ఉండే రంధ్రం కంటికి ఆనదు. ఆ రంధ్రానికి మసి పట్టినా, నలుసు అడ్డం పడినా లారీ దగ్గుతుంది, నల్లపొగ కక్కుతుంది, ఎత్తు ఎక్కలేక నడిమధ్యలో నిలబడిపోతుంది.

శుభ్రం చేశాక దాన్ని డీజిల్ నింపిన చేతిపంపుకు బిగించి, మీట నొక్కి, చిమ్మడం ఎట్లా ఉందో చూడాలి. ఉగాది పోయిన వారానికి నాయన ఏదో ధ్యాసలో ఉండి వేలు అడ్డం పెట్టాడు. సూదితో గుచ్చినంత చుక్క పడింది. నెత్తురు కూడా రాలేదు. పంచెకు తుడుచుకుని పని చేసుకున్నాడు. మూడో రోజుకు చెయ్యి సొరకాయంత అయింది. డీజిల్ ఆ చుక్కలో నుంచి లోపలికి పోయి కండంతా చెడగొట్టిందని కర్నూలు ఆసుపత్రిలో చెప్పారు. వేళ్ళు తీసి ప్రాణం దక్కించారు. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి.

ఆయన ఇంటికొచ్చిన పదో రోజున ఒక లారీ మా కొట్టం ముందు ఆగింది. డ్రైవరు దిగి, ఆరు నాజిళ్ళూ తానే విప్పి, తగరపు పెట్టెలో పెట్టుకుని అరుగు దగ్గరికి వచ్చాడు. పాతికేళ్ళుంటాయి. పేరు మహబూబ్ బాషా. బేతంచెర్ల నుంచి కర్నూలుకు నాపరాళ్ళు తోలుతున్నాడు. అప్పుడు కర్నూలు రాజధాని. అది హైదరాబాదుకు పోతుందని అందరూ అనుకుంటూనే ఉన్నా, మొదలుపెట్టిన మేడలు మధ్యలో ఆపలేక కట్టేవాళ్ళు కడుతూనే ఉన్నారు.

"ఎత్తు ఎక్కనంటాది మేస్తిరీ" అన్నాడు. "సాయంత్రానికి కావాల."

నాయన తువ్వాలు చేతిమీద కప్పుకుని ఉన్నాడు. కాదనలేదు. "పెట్టిపో" అన్నాడు.

పెట్టె తీసుకుని లోపలి గదిలోకి వచ్చి కూర్చున్నాడు. మొదటి నాజిల్‌ను కాలివేళ్ళ మధ్య ఇరికించి ఎడమచేత్తో మూత తిప్పాడు. స్ప్రింగు ఎగిరి గోడకు తగిలింది. సూది జారి చాప కిందికి పోయింది. నేను గడప దగ్గర బియ్యం ఏరుతున్నాను. చాట పక్కన పెట్టి, చాప ఎత్తి, సూది తీసి ఆయన ముందు పెట్టాను. నాయన దాన్ని తీసుకోలేదు. చాలాసేపు నా చేతుల వంక చూశాడు.

"చేతులు కడుక్కోని రా" అన్నాడు.

నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఆ పూట ఆయన నోటితో చెప్తుంటే నేను చేత్తో చేశాను. కిరసనాయిలులో నానబెట్టాలి. మసిని వేపపుల్లతో మెల్లగా గీకాలి, ఇనుము తగలనీకూడదు, ఇసుక కాగితం అసలే కూడదు. రంధ్రంలోకి సన్నని ఇత్తడి తీగ పోనిచ్చి తిప్పాలి. ఏ సూది ఒర దానిదే. ఒకదాని సూది ఇంకొకదాని ఒరలో పెడితే రెండూ చెడతాయి. చివరికి సూదిని మంచి డీజిల్‌లో ముంచి, ఒరలో పెట్టి, మూడో వంతు పైకి లాగి వదలాలి. తన బరువుకు తానే మెల్లగా జారి కూర్చోవాలి. కూర్చోకపోతే మళ్ళీ మొదటి నుంచి.

ఆరోది కూర్చునేసరికి పొద్దు వాలింది. పెరట్లో చేతిపంపు మీట నేనే నొక్కాను. నాయన నా వెనక నిలబడి, నా రెండు మోచేతులూ వెనక్కి పట్టుకుని, "దూరంగా, దూరంగా" అంటూనే ఉన్నాడు. నాజిల్ కిర్రుమని సన్నని పొగమంచు చిమ్మింది. ఆయన నా మోచేతులు వదిలేసి లోపలికి వెళ్ళిపోయాడు. ఏడ్చాడేమో నాకు తెలియదు.

మర్నాడు అమ్మ దూది ఏకబోతే నాయన వద్దన్నాడు. ఒక్క పోగు ఎగిరొచ్చి నాజిల్‌లో పడితే పనంతా వృథా. "మాయమ్మ ఇచ్చిన విల్లు ఇది" అంది అమ్మ. "ఇనుపముక్కల కోసం దీన్ని అటకెక్కియ్యమంటావా?" అంటూనే నారి విప్పి అటకమీద పెట్టింది. నాయన ఇంకో మాట కూడా చెప్పాడు. "బయట యాడా అనొద్దండి. ఆడపిల్ల చేసిందంటే ఈ వాకిట్లో ఒక్క లారీ ఆగదు."

అట్లా మొదలైంది. బేతంచెర్ల రాతిదుమ్ము వల్లనో, ఆ రోజుల్లో పీపాల్లో వచ్చే డీజిల్ వల్లనో, బాషా లారీ నాజిళ్ళు పది పన్నెండు రోజులకోసారి మూసుకుపోయేవి. మిగతా లారీలూ వచ్చేవి కానీ, ఆ పెట్టెనే నేను చప్పుడుతో గుర్తుపట్టేదాన్ని. "దుమ్ము పడని గదిలో చేయాల ఈ పని" అని చెప్పి నాయన పెట్టె లోపలికి తెచ్చేవాడు. నా పక్కన గోడకానుకుని కూర్చునేవాడు. బయట అరుగు మీద బాషా.

అతనికి ఊరికే కూర్చోవడం చేతకాదు. అమ్మ చింతపండు పిసుకుతుంటే గింజలు ఏరిపెట్టేవాడు. ఉగ్గాని పెడితే రెండోసారి అడిగి పెట్టించుకునేవాడు. కర్నూలు కబుర్లు చెప్పేవాడు. డేరాల్లో సర్కారు కచేరీలు పెట్టినప్పుడు ఒకసారి గాలివాన వచ్చి కాగితాలన్నీ రోడ్డుమీదికి ఎగిరాయట. తాను లారీ ఆపి, ఏరుకొచ్చి, ఒక గుమాస్తాకిస్తే ఆయన వరుస చూసుకుని, ఒక కాగితం తక్కువైందని అతన్ని సాయంత్రం దాకా నిలబెట్టాడట. అమ్మ నవ్వేది. లోపల నాకు నవ్వు వచ్చేది. నాయన కళ్ళతో వద్దనేవాడు.

నేను అతన్ని చూసింది తక్కువ. అతని నాజిళ్ళను చూసింది ఎక్కువ. వాటిని చేతిలోకి తీసుకుంటే ఆ పది రోజులూ ఎట్లా గడిచాయో తెలిసిపోయేది. మూడోసారి వచ్చినప్పుడు కొసలు నీలం తిరిగి ఉన్నాయి. నాయనకు చూపించాను. ఆయన అరుగు మీదికి వెళ్ళి, "ఏమప్పా బాషా, బరువు శానా ఏస్తాండావు. ఎత్తు మీద గేరు మార్చకుండా తొక్కుతాండావు" అన్నాడు.

"నా పక్కన కూర్చోని చూసినట్టు చెప్తాండావే మేస్తిరీ."

"నాజిళ్ళు చెప్తాయి."

ఇంకోసారి మూడింట్లో నూలుపోగులు దొరికాయి. తువ్వాలు వేసి డీజిల్ వడగట్టుకున్నాడని అర్థమైంది. నాయన బయటికి పోయి అదీ అడిగాడు. బాషా, "ఇది గూడా నాజిళ్ళే చెప్పినాయా?" అన్నాడు. గొంతు నాయన వైపు కాక, లోపలి గది వైపు తిరిగినట్టుగా వినిపించింది.

ఆరోజు అమ్మ పక్కింటి సిద్దమ్మ దగ్గర ఉంటే, మంచినీళ్ళు నేను తీసుకుపోయి ఇచ్చాను. చెంబు అందుకుంటూ అతను నా వేళ్ళు చూశాడు. ఎంత రుద్దినా గోళ్ళలో మసి పోయేది కాదు. నేను చెయ్యి కొంగులో పెట్టుకున్నాను. అతను నీళ్ళు తాగి, చెంబు అరుగు మీద బోర్లించి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వచ్చినప్పుడు పెట్టెతో పాటు మడత పెట్టిన సిల్కు గుడ్డ ఒకటి నాయనకిచ్చాడు. ముదురు ఆకుపచ్చ, పాతది, మెత్తనిది.

"ఏమిది?"

"దీనికి పోగులు లేయవంట మేస్తిరీ. నాజిళ్ళు తుడిచేవాళ్ళకియ్యి."

నాయన ఆ గుడ్డ తెచ్చి నా ఒళ్ళో వేశాడు. ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఇక దాచడానికేమీ లేదని మా ఇద్దరికీ తెలిసింది. బాషా మాత్రం ఆ మాట ఎక్కడా ఎత్తలేదు. డోన్ బజారులో ఎవరికీ తెలియలేదు.

పీర్ల పండగ ముందురోజు క్వారీ మూసేశారు. బాషా రాళ్ళు లేని లారీని మా వాకిట్లోకి తెచ్చి ఆపాడు. ఇంజను చప్పుడులో ఎక్కడో ఒక దెబ్బ తప్పిపోతోంది. నాయన బానెట్ ఎత్తి, చెవి పెట్టి విన్నాడు. ఏ నాజిల్ పనిచేయడం లేదో తెలియాలంటే ఇంజను నడుస్తుండగా నాజిల్‌కు డీజిల్ తెచ్చే ఒక్కో గొట్టాన్ని బిగించే బిళ్ళ వదులు చేసి చూడాలి. రెండు చేతులూ కావాలి, వేళ్ళన్నీ కావాలి. నాయన స్పానరు చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. రోడ్డు ఖాళీగా ఉంది. అందరూ పీర్లచావిడి దగ్గర ఉన్నారు.

"అమ్మీ, రా" అన్నాడు.

అంతవరకు నేను ఆ ఆరింటినీ చేతుల్లో పట్టుకున్నానే గాని అవి పనిచేసేచోటు చూడలేదు. కొంగు నడుముకు చుట్టుకుని బంపరు ఎక్కాను. ఇంజను వేడి ముఖానికి కొట్టింది. కాళ్ళ కింద లారీ అంతా ఊగుతోంది. మొదటి బిళ్ళ వదులు చేశాను. చప్పుడు కుంటుపడింది, అంటే అది పనిచేస్తోంది. బిగించాను. రెండోది, మూడోది అంతే. నాలుగోది వదులు చేస్తే చప్పుడులో మార్పేమీ లేదు.

"ఇదే" అన్నాను.

బాషా ఇంజను ఆపి దిగొచ్చాడు. నాయన నాలుగో నాజిల్ విప్పించి కిరసనాయిలు కోసం లోపలికి వెళ్ళాడు. అమ్మ గడపలో కూర్చుని ఉంది, మా వైపు చూస్తూనే, చూడనట్టు.

"ఆ గుడ్డ పనికొచ్చిందా?" అన్నాడు బాషా.

"వచ్చింది."

"మా అక్క పెండ్లిచీర అంచు. అడక్కుండా చించుకొచ్చినా. ఇంగా తెలీదు ఆమెకు."

నాకు నవ్వు ఆగలేదు. అతనూ నవ్వాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఇన్నాళ్ళూ నాజిళ్ళు మేస్తిరికిస్తాండాననుకుంటి."

"మేస్తిరికే ఇచ్చినావు" అన్నాను.

అతను తలూపాడు. "అవును. అది తెలియడానికే ఇన్నాళ్ళు పట్టింది."

నాజిల్ శుభ్రం చేసి బిగించాక మళ్ళీ ఇంజను వేశాడు. ఆరు దెబ్బలూ సమంగా వినిపించాయి. బానెట్ మీద అరచెయ్యి పెట్టాను. నా చేతికింద నా పని నడుస్తోంది. అట్లాంటి సంతోషం నాకు అంతకుముందు లేదు. అతను స్టీరింగు వెనక నుంచి చూస్తున్నాడని తెలిసినా చెయ్యి తీయబుద్ధి కాలేదు.

ఆ తర్వాత రెండు నెలలు ఎట్లా గడిచాయో చెప్పలేను. పది రోజులు కావాలని ఎదురుచూసేదాన్ని. అతని నాజిళ్ళు బాగా చేస్తే తొందరగా మూసుకుపోవు, మూసుకుపోకపోతే అతను రాడు. ఒకసారి ఐదోదాని సూది జారకుండా మధ్యలో నిలబడితే, అట్లాగే బిగించి పంపిద్దామా అని అనిపించింది. నాలుగు రోజుల్లో తిరిగొస్తాడు. ఎత్తు మీద లారీ ఆగిపోయి, రాళ్ళ బరువుతో వెనక్కి జారడం కళ్ళముందు కనబడి, మళ్ళీ మొదటి నుంచి చేశాను.

దసరా వెళ్ళాక ఒకరోజు బాషా అక్క దస్తగిరమ్మ బేతంచెర్ల నుంచి బస్సులో వచ్చింది. కొంగున బెల్లం, టెంకాయ కట్టుకుని ఉంది. ఆమెను చూడగానే అమ్మ నన్ను సిద్దమ్మ ఇంటికి మజ్జిగకు పంపింది. సిద్దమ్మ కావాలనే మాటల్లో పెట్టి కూర్చోబెట్టింది. నేను తిరిగొచ్చేసరికి దస్తగిరమ్మ వెళ్ళడానికి లేచి నిలబడి ఉంది. బెల్లం, టెంకాయ ఆమె కొంగులోనే ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని తిప్పి గోళ్ళు చూసింది.

"నా చీర అంచు ఈ చేతులకే వచ్చిందా" అంది. కోపం లేదు. నా బుగ్గ నిమిరి వెళ్ళిపోయింది.

మర్నాడు పెరట్లో గిన్నెలు తోముతుంటే అమ్మ చెప్పింది.

"అడగడానికి వచ్చినారు. మీ నాయన ఈ యేడు కాదన్నాడు."

నేను తోముతూనే ఉన్నాను.

"వచ్చే యేడుకు ఆ పిల్లోడు ఈడ యాడుంటాడు? కర్నూలులో కట్టుబడులన్నీ నిలిచిపోతాండాయి. లారీ హైదరాబాదుకు పోతాండాది, వాడూ దాంతోనే పోతాండాడు."

"నాయన ఏం చెప్పినాడు, ఏంటికి కాదన్నాడు?"

"చెప్పలేదు. చెయ్యి తువ్వాలు కింద పెట్టుకోని కూర్చున్యాడు." అమ్మ గిన్నె నా చేతిలో నుంచి తీసుకుంది. "నేను మళ్ళీ విల్లు దించుతా. పరుపులు కుట్టుకోని బతుకుతాము. నీకు పోవాలని ఉంటే చెప్పు అమ్మీ. నేను మాట్లాడుతా."

ఉంది. ఉందని నోటిదాకా వచ్చింది. అమ్మ చేతులు చూశాను. కీళ్ళు వాచి ఉన్నాయి. విల్లు అటకెక్కించిన ఐదు నెలల్లోనే ఆమెకు రాత్రిపూట దగ్గు తగ్గింది. మిగిలిన గిన్నెలు ఎత్తుకుని లోపలికి పోయాను.

ఆ మధ్యాహ్నం లోపలి గదికి వెళితే నాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ముందు పాత నాజిల్ ఒకటి, చెడిపోయి పక్కన పడేసింది. ఎడమచేతి రెండు వేళ్ళతో సూది పట్టుకుని ఒరలో పెట్టబోతున్నాడు. నన్ను చూసి ఆపలేదు.

"నెల అయింది మొదలుపెట్టి" అన్నాడు. "నీకు తెలియకుండా చేస్తాండా. ఎడమచేత్తో నేర్చుకుంటే నువ్వు పోవచ్చుననుకుంటి."

సూది ఒర అంచుకు తగిలి పడిపోయింది.

"రాలేదు" అన్నాడు. "నిన్ను అడక్కుండా కాదని చెప్పినా. అది తప్పే. నీ కోసం కాదన్లేదు, నా కోసం అన్నా. కబురంపమంటే ఈ పొద్దే అంపుతా, అమ్మీ."

దొర్లిపోయిన సూది తీసి, సిల్కు గుడ్డతో తుడిచి, దాని ఒరలో పెట్టాను. ఆయన జవాబు కోసం చూశాడు. నేను మూత బిగించాను. ఆయన రెండోసారి అడగలేదు. అడిగుంటే ఏం చెప్పేదాన్నో ఇప్పటికీ నాకు తెలియదు.

దీపావళికి నాలుగు రోజుల ముందు, పొద్దున్నే బాషా వచ్చాడు. లారీలో రాళ్ళు లేవు. అతని పరుపుచుట్ట, ట్రంకుపెట్టె ఉన్నాయి. తగరపు పెట్టె తెచ్చి నాయన చేతికివ్వలేదు. లోపలి గది గడప మీద, నా ముందు పెట్టాడు. నాయన లేచి, భుజాన తువ్వాలు వేసుకుని, కొట్టంలో పనుందని వెళ్ళిపోయాడు. అమ్మ పెరటి తలుపు దగ్గర కూర్చుంది.

"ఎల్లుండి హైదరాబాదులో ఉండాల" అన్నాడు బాషా.

"అమ్మ చెప్పింది."

"పెద్ద ఊరు. మేస్త్రీలు శానామంది ఉంటారంట." పెట్టె మూత మీద వేలితో గీస్తున్నాడు. తలెత్తి చూశాడు. "ఆడ నాజిళ్ళు మూసుకుంటే నేనెవరికియ్యాల?"

అతను ఏం అడుగుతున్నాడో నాకు తెలుసు. నాకు తెలిసిందని అతనికీ తెలుసు. కొట్టంలో నుంచి ఏ చప్పుడూ రావడం లేదు. నాయన అక్కడ ఏ పనీ చేయడం లేదు. ఊరికే నిలబడి ఉన్నాడు.

"చేతులు కడుక్కోని రా" అన్నాను.

అతనికి వెంటనే అర్థం కాలేదు. నేను చాప మీద తెల్లదుప్పటి పరిచి, కిరసనాయిలు గిన్నె, వేపపుల్లలు, తీగ వరుసగా పెట్టాను. అవి చూసి నిలబడిపోయాడు. అప్పుడు అర్థమైంది. పెరట్లోకి పోయి చేతులు కడుక్కోవడానికి చాలాసేపు తీసుకున్నాడు. వచ్చి నాకెదురుగా మఠం వేసుకుని కూర్చున్నాడు.

మొదటిది నేను చేసి చూపించాను. రెండోది ఇద్దరం చేశాం. అతని చేతులు పెద్దవి, స్టీరింగు పట్టి కాయలు కాసినవి. అయినా మెల్లగా పట్టుకున్నాడు. "గట్టిగా గీకద్దు. ఇసుక కాగితంతో ఎవరన్నా రుద్దుతామంటే రుద్దనీయద్దు." తలూపాడు. "యా సూది ఒర దానిదే. కలిపేయద్దు." దానికీ తలూపాడు, కానీ నా ముఖంలోకి చూశాడు. నేను గిన్నెలోకి చూశాను.

మూడోదాని సూది జారలేదు. మళ్ళీ చేయించాను. నాలుగోది, ఐదోది అతనే చేశాడు. ఆరోది చేసేటప్పుడు నేనొక్క మాట కూడా చెప్పలేదు. తానే మసి తీశాడు, తానే తీగ తిప్పాడు, సిల్కు గుడ్డతో తుడిచాడు. సూదిని డీజిల్‌లో ముంచి, ఒరలో పెట్టి, మూడో వంతు పైకి లాగాడు. జారకూడదని నేను అల్లాను వేడుకున్నాను. అది జారకపోతే, ఇంత చేతకానివాణ్ణి ఒంటరిగా ఎట్లా పంపుతావని ఎవరైనా అంటారని.

వదిలాడు. సూది మెల్లగా జారి కూర్చుంది.

"వచ్చింది" అన్నాడు.

"వచ్చింది" అన్నాను.

పెరట్లో పంపు మీట అతనే నొక్కాడు. "చెయ్యి అడ్డం పెట్టద్దు" అన్నాను. "ఎప్పుడూ. ఎంత తొందరున్నా."

"పెట్టను."

ఆరింటినీ గుడ్డలో చుట్టి పెట్టెలో సర్దాడు. సిల్కు గుడ్డ కూడా అందులోనే పెట్టి ఇచ్చాను.

"ఇంకేమన్నా చెప్పాల్నా?" అన్నాడు.

"డీజిల్ వడగట్టుకో."

"ఇంకా?"

చెప్పాల్సింది చాలా ఉంది. "అంతే" అన్నాను.

అమ్మకు సలాం చెప్పి వెళ్ళాడు. నాజిళ్ళు బిగించుకుని ఇంజను వేశాడు. వెళ్ళేముందు ఎప్పుడూ చేసినట్టే తల పక్కకు వంచి కాసేపు విన్నాడు. నేను గడపలో నిలబడి విన్నాను. లారీ వెల్దుర్తి వైపు తిరిగి, చప్పుడు సన్నగిల్లి, గాలిలో కలిసిపోయేదాకా ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

నాయన లోపలికి వచ్చి దుప్పటి, గిన్నె చూశాడు. "అప్పుడే చేసినావా ఆరూ?"

"ఆయనే చేసుకున్నాడు" అన్నాను.

నాయన గోడకానుకుని కూర్చున్నాడు. ఆ పూట అన్నం తినలేదు. నేను గిన్నెలో మసినూనె పారబోసి, దుప్పటి ఉతికి ఆరేశాను.

రాజధాని పోయింది. కర్నూలు రోడ్డు మీద లారీలు తగ్గాయి. కానీ వేరుశనగ మిల్లులకు ఆయిల్ ఇంజన్లు వచ్చాయి, ఆలూరు వైపు బావులకు పంపులు వచ్చాయి, వాటి నాజిళ్ళూ మా ఇంటికే వచ్చేవి. మా బతుకు జరిగింది. నాకు రెండు సంబంధాలు వచ్చాయి. నేను వద్దన్నాను. నాయన ఎందుకని అడగలేదు. హైదరాబాదు నుంచి వచ్చే లారీ ఏదైనా దగ్గుతూ వస్తే, నేను చేతిలో పని ఆపి వినేదాన్ని. అతనిది కాదని వెంటనే తెలిసిపోయేది. అయినా వినేదాన్ని.

మూడేళ్ళ తర్వాత, మళ్ళీ ఎండాకాలంలో, పుల్లయ్య అని ఒక లారీ డ్రైవరు నాజిళ్ళు తెచ్చాడు. హైదరాబాదు నుంచి బెంగుళూరు పోతూ దారిలో ఆగాడు. ప్యాపిలి మనిషి, మాటకారి. నాయన పెట్టె లోపలికి తెచ్చి నాకిచ్చి, ఈసారి అరుగు మీదే కూర్చున్నాడు. పుల్లయ్య మాటలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.

"హైదరాబాదులో మనవాడొకడు ఉండాడు మేస్తిరీ. బాషా అని. బేతంచెర్లోడు. నీకు తెలిసుంటాది."

"తెలుసు" అన్నాడు నాయన.

"మంచోడే గాని వింత మనిషి. నాజిళ్ళు ఏ మేస్త్రినీ ముట్టనీడు. తెల్లదుప్పటి పరుచుకోని, చేతులు కడుక్కోని, నమాజుకు కూర్చున్నట్టు కూర్చుంటాడు. ఎవడన్నా ఇసుక కాగితం తీసినాడంటే చెయ్యి పట్టుకుంటాడు. ఎవరు నేర్పినారప్పా అంటే, మా డోన్ మేస్తిరి అంటాడు. నీ గురించే గదా."



పుల్లయ్య నవ్వాడు. "అయితే ఆ ఊరికి పోయి తెలుగు మర్చిపోయినాడు మేస్తిరీ. మేస్తిరి చెప్పినాడు అనాల గదా? 'మా మేస్తిరి చెప్పింది' అంటాడు. 'మా మేస్తిరి వద్దనింది' అంటాడు. నేనెన్నిసార్లు దిద్దినానో. దిద్దితే నవ్వుతాడు. మళ్ళా అదే మాట."

లోపల నా చేతిలో ఉన్న నాజిల్ కిరసనాయిలు గిన్నెలోకి జారిపోయింది.

"వాడు తెలుగు మర్చిపోలేదు పుల్లయ్యా" అన్నాడు నాయన. "సరిగ్గానే అంటాండాడు."

తర్వాత గొంతు పెంచి నన్ను పేరుపెట్టి పిలిచాడు. మూడేళ్ళలో ఎప్పుడూ పరాయివాళ్ళ ముందు అట్లా పిలవలేదు.

"మాబీ, అయినాయా? నువ్వే తెచ్చి ఇయ్యమ్మా."

ఆఖరిది పూర్తిచేసి, ఆరూ పెట్టెలో పెట్టుకుని బయటికి వచ్చాను. చేతులు మణికట్టు దాకా నల్లగా ఉన్నాయి. కొంగులో పెట్టుకోలేదు. పుల్లయ్య నా చేతులు చూశాడు, నాయన చెయ్యి చూశాడు, అరుగు మీద నుంచి లేచి నిలబడ్డాడు. రెండు చేతులతో పెట్టె అందుకున్నాడు.

"ఆయన లారీ పొగ ఏమన్నా కక్కుతాందా?" అని అడిగాను.

"లేదు తల్లీ" అన్నాడు పుల్లయ్య. "రవ్వంత గూడా లేదు."